సైటు కాపీ కొట్టారా? ముందు ఫోన్ చేయండి

మన సైటు లాంటిదే ఇంకొకటి కనబడగానే చాలామంది చేసే మొదటి పని, స్క్రీన్‌షాట్లు తీసి పక్కపక్కన పెట్టి ఫేస్‌బుక్‌లో ఎక్కించడం. పైన "వీళ్ళకి సిగ్గుండదా?" అని ఒక లైను. సాయంత్రానికి బోలెడు లైకులు, "వదలొద్దన్నా, కేసెయ్" అని సలహాలు. ఊపు మీదున్న స్నేహితులు కొందరు వెళ్ళి అవతలివాళ్ళ గూగుల్ పేజీలో ఒక్క స్టార్ రివ్యూలు కూడా ఇచ్చొస్తారు. ఇంత జరిగాక ఆ కాపీ సైటు దిగిపోతుందా అంటే, నేను చూసినంతలో చాలాసార్లు దిగదు. అవతలివాడికి అది పరువు సమస్య అయిపోతుంది. నిన్నటిదాకా తీసేద్దామనుకున్నవాడు కూడా ఇవాళ లాయరుని వెతుక్కుంటాడు.

నేను మారతహళ్ళిలో ఉంటూ చిన్న వ్యాపారాలకి వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను. పీజీ హాస్టళ్ళు, ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్మేవాళ్ళు, స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగులు, పెళ్ళిళ్ళ కేటరింగులు. ఊరు బెంగళూరే అయినా నా క్లయింట్లలో ఎక్కువమంది తెలుగువాళ్ళే, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ నిలదొక్కుకున్నవాళ్ళు. ఈ పనిలో ఉన్నాక మనం చేసింది ఇంకొకరి పేరుతో కనబడటం మామూలే. మొదట్లో ఒళ్ళు మండుతుంది. కొన్నాళ్ళకి దేనికి మండాలో, దేనికి అక్కర్లేదో తెలుస్తుంది.

నా వాదన ఇదీ: పేజీ రూపం ఎత్తుకుపోతే పోనివ్వండి. మన వాక్యాలు, మన ఫోటోలు, మన కోడ్, మన లైసెన్సు నంబర్లు పోతే మాత్రం వదలొద్దు. వదలకపోవడమంటే రచ్చకెక్కడం కాదు. ముందు ఫోన్ తీసి మాట్లాడటం. ఎందుకంటే కాపీ సైటు మీద ఎవరి పేరుందో వాళ్ళే కాపీ కొట్టారని అనుకోవడం చాలాసార్లు తప్పు.

కుందలహళ్ళి గేట్ దగ్గర ఒక అక్క పచ్చళ్ళ వ్యాపారం చేస్తుంది. ఆవకాయ, గోంగూర, పండుమిరప, కోడి పచ్చడి. ఆవిడ సైటు నేనే చేశాను. ఒకరోజు ఫోన్ చేసి, "తమ్ముడూ, మన సైటు రంగు మార్చావా? మా చిన్నమ్మ కూతురు పంపింది, ఆరెంజ్‌లో ఉంది, పేరు కూడా వేరే ఉంది" అంది. లింకు తెరిచాను. ఆకుపచ్చ ఉన్నచోటల్లా నారింజ రంగు. పైన ఇంకెవరిదో పేరు. మిగతాది మక్కీకి మక్కీ.

బ్రౌజర్‌లో వ్యూ సోర్స్ అని ఉంటుంది, పేజీ వెనకున్న కోడ్ చూపిస్తుంది. అది నొక్కితే అసలు సంగతి బయటపడింది. కోడ్ మొదట్లోనే ఒక వరస ఉంది: "మిర్రర్డ్ ఫ్రమ్", తర్వాత మా అక్క సైటు చిరునామా, "బై హెచ్‌టీట్రాక్ వెబ్‌సైట్ కాపియర్", తారీఖు, టైము. హెచ్‌టీట్రాక్ అనేది ఒక సైటు మొత్తాన్ని హార్డ్‌డిస్కులోకి దింపుకుని నెట్ లేనప్పుడు చదువుకోవడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్. దానికంటూ ఏ దురుద్దేశమూ లేదు. దింపిన పేజీల్లో ఈ వరస దానంతటదే రాసేస్తుంది. తెలిసినవాళ్ళు చెరిపేస్తారు, ఈ మహానుభావుడు దాన్ని చూసినట్టు కూడా లేడు. టైము జీఎంటీలో, అంటే గ్రీన్‌విచ్ టైములో ఉంటుంది కాబట్టి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. కలిపి చూస్తే అర్ధరాత్రి దాటాక చేసిన పని.

పేజీలు ఒక్కొక్కటే చూస్తూ పోయాను. మొదటి పేజీలో పెద్ద ఫోటో: స్టీలు బేసిన్లో ఆవకాయ కలుపుతున్న చెయ్యి, చేతికి రెండు ఆకుపచ్చ గాజులు, వెనక వంటింటి కిటికీ చువ్వలు. అది ఎక్కడో కొన్న ఫోటో కాదు, అక్క వంటింట్లో నేను తీసింది. 'మా గురించి' పేజీలో అక్క వాళ్ళ అమ్మమ్మ కథ, అక్షరం పొల్లుపోకుండా. ఇప్పుడు ఆ అమ్మమ్మకి ఎవరో తెలియని ఇంకో మనవడు పుట్టాడు. డెలివరీ పేజీలో "బ్రూక్‌ఫీల్డ్, వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి ప్రాంతాలకి అదే రోజు అందజేస్తాం" అని అలాగే ఉంది. ఆ దుకాణమేమో కోస్తా జిల్లాలో ఉంది! వాట్సాప్ నంబరు మొదటి పేజీలో మార్చారు, రీఫండ్ పేజీలో మర్చిపోయారు. అందుకే అక్కకి ఈ మధ్య ఊరూపేరూ తెలియని చోట్ల నుంచి మెసేజీలు వస్తున్నాయి.

ఈ మాట చెప్తే అక్క నవ్వేసి, "ఉండనీ తమ్ముడూ, మనకే బేరాలొస్తున్నాయి కదా" అంది. వ్యాపారస్తురాలు మరి.

అప్పుడు ఫుటర్ చూపించాను. కింద చిన్న అక్షరాల్లో 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు (తిండి పదార్థాలు అమ్మడానికి తీసుకునే లైసెన్సుది), దాని పక్కన 15 అక్షరాల జీఎస్‌టీ నంబరు. రెండూ అక్కవే. ఎవరో పెట్టిన కోడి పచ్చడి సీసా ఒకటి పాడై, తిన్నవాళ్ళు ఆసుపత్రి పాలైతే, ఆ సైటులో ఉన్న లైసెన్సు నంబరు పట్టుకుని అధికారులు వచ్చేది కుందలహళ్ళికి. అక్క నవ్వు ఆగిపోయింది. నాకైతే ఆ రోజు దాకా కాపీ అంటే డిజైన్ గొడవే. ఫుటర్లో ఆ నంబరు చూశాక, ఇక రంగులూ ఫాంట్లూ ఎవడిక్కావాలి అనిపించింది.

ఆ సైటులో ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. పెద్దాయన ఎత్తాడు. నేను ఫలానా అని చెప్పి, గొంతు పెంచకుండా విషయం చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మాకేం తెలుసు బాబూ. మా ఊరి కుర్రాడొకడు కొత్త సైటు చేసిస్తానని డబ్బులు తీసుకున్నాడు. బాగుందని ఊరుకున్నాం. ఫోటోలో చెయ్యి ఎవరిదిరా అని మా ఆవిడ అడగనే అడిగింది" అన్నాడు. ఆయనకి సొంతంగా లైసెన్సు ఉంది. సైటు కింద వేరేవాళ్ళ నంబరుందని ఆయనకి తెలియదు. "ఇన్‌స్పెక్టర్ చూస్తే ముందు మీకే ఇబ్బంది కదండీ" అన్నాను. ఆ సాయంత్రానికి సైటు లేదు.

ఇందులో మోసపోయింది ఎవరు? మా అక్క ఒకరు, ఆ పెద్దాయన ఇంకొకరు. కొత్త సైటుకి డబ్బులు కట్టి వాడేసిన సైటు తెచ్చుకున్నాడు. నేను గనక స్క్రీన్‌షాట్లు తీసి ఆయన దుకాణం పేరు ఊరంతా చాటింపు వేసుంటే, నలభై ఏళ్ళ వ్యాపారానికి దొంగ అనే పేరొచ్చేది, కాపీ కొట్టిన కుర్రాడు మాత్రం హాయిగా ఇంకో బేరం వెతుక్కునేవాడు.

"నువ్వు మెతకవాడివి, ఇలా వదిలేస్తే అందరూ ఎత్తుకుపోతారు" అంటాడు నా స్నేహితుడొకడు. వదిలేయమనడం లేదు. కానీ దేన్ని పట్టుకోవాలో తెలియాలి. ఇక్కడ చట్టం కూడా నా వైపే ఉంది, కాకపోతే చాలామంది అనుకునే తీరులో కాదు.

మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం వెబ్‌సైటు అనేది ఒక్క రచన కాదు, చాలా రచనల మూట. రాసిన మాటలు సాహిత్య రచన కిందికి వస్తాయి. కోడ్ కూడా అదే ఖాతాలో పడుతుంది, కంప్యూటర్ ప్రోగ్రాములని చట్టం సాహిత్యం కిందే లెక్కగడుతుంది. ఫోటోలు, బొమ్మలు, లోగో కళాకృతులు. రిజిస్ట్రేషన్ చేయించుకోవాలన్నా సైటుకంతటికీ కలిపి ఒక కాగితం ఇవ్వరు, దేనికది విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. రాసింది రాయగానే, తీసింది తీయగానే హక్కు పుడుతుంది కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పనిసరేమీ కాదు. ఉంటే కోర్టులో కాస్త పని తేలిక.

మరి రూపం సంగతి? పైన లోగో, పక్కన మెనూ, కింద పెద్ద ఫోటో, దాని కింద మూడు డబ్బాలు. దీని మీద హక్కు చెప్పుకోవడం కష్టం. ఆలోచన మీద కాపీరైట్ ఉండదని, ఆ ఆలోచనని వ్యక్తం చేసిన తీరు మీదే ఉంటుందని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. చెమటోడ్చినంత మాత్రాన చాలదు, చేసిన పనిలో నైపుణ్యం, వివేచన కనబడాలని 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో అంది. "రాత్రంతా కూర్చుని చేశాను సార్" అనే మాటకి కోర్టులో పెద్దగా విలువ లేదన్నమాట. మా వృత్తిలో అందరం మొదట చెప్పేది ఆ మాటే.

మారతహళ్ళి ఆంధ్రా మెస్సుల్నే చూడండి. ఎక్కడికెళ్ళినా ఆకేసి, పొడీ నెయ్యీ, ముద్దపప్పు, గోంగూర, ఆ తర్వాతే సాంబారు. ఆ వరస ఎవడి సొంతమూ కాదు, పక్కవాడు అలాగే వడ్డించాడని ఏ ఓనరూ తగువుకి పోడు. కానీ మన బోర్డు మీది ఫోటోని వాడి బోర్డు మీద వేసుకుంటే, మన లైసెన్సుని వాడి గోడకి తగిలించుకుంటే, అప్పుడు ఊరుకుంటాడా?

పెద్దవాళ్ళే ఈ రూపం గొడవలో నెగ్గలేకపోయారు. 1988లో ఆపిల్ కంపెనీ మైక్రోసాఫ్ట్ మీద కేసు వేసింది, విండోస్ తెర మా మాకింటాష్ తెరలాగే ఉందని. పోలికలు 189 చూపించింది. అందులో 179 దాకా 1985 నాటి ఒప్పందంలో ఆపిల్ తనే వాడుకోనిచ్చిందని కోర్టు తేల్చింది. మిగిలిన పదిలో చాలావాటికి కాపీరైట్ వర్తించదంది. 1994లో అప్పీలు కూడా పోయింది. తమాషా ఏమిటంటే, ఆ కేసు నడుస్తుండగానే జిరాక్స్ వచ్చి ఆపిల్ మీద కేసు వేసింది, మీరు మా దగ్గర తీసుకున్న సంగతేమిటని. అది కూడా నిలబడలేదనుకోండి.

పైగా మనం గుండె మీద చెయ్యేసుకుని చెప్పుకోవాలి, మన సైట్లలో మనది ఎంత? 2011లో ట్విట్టర్ ఇంజినీర్లు బూట్‌స్ట్రాప్ అనే రెడీమేడ్ డిజైన్ కోడ్‌ని అందరికీ ఉచితంగా ఇచ్చినప్పటి నుంచి సగం ప్రపంచం సైట్లు ఒకే బట్టలు కట్టుకున్నాయి. సైట్లు చేసుకునే వర్డ్‌ప్రెస్‌కి థీమ్ (రెడీమేడ్ డిజైన్) ఒకటి కొని రంగు మార్చినవాడు, అదే థీమ్ కొని ఇంకో రంగు వేసినవాణ్ణి దొంగ అని తిట్టడం నేను కళ్ళారా చూశాను. ఇద్దరి దగ్గరా రసీదులున్నాయి.

ఇక్కడ ఇంకో చిక్కుముడి ఉంది, దీన్ని ఎవరూ పట్టించుకోరు. కాపీ కొట్టారని ఫిర్యాదు చేసే హక్కు అసలు ఎవరికుంది? క్లయింటు "డబ్బులిచ్చాను కాబట్టి సైటు నాది" అనుకుంటాడు. కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా చేసింది యజమానిది. కానీ నాలాంటి ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు. రాసిన మాటల మీదా కోడ్ మీదా హక్కు, వేరే ఒప్పందం లేకపోతే, రాసినవాడిదే. డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోల విషయంలో మాత్రం డబ్బిచ్చినవాళ్ళది. హక్కు బదిలీ చేయాలంటే 19వ సెక్షన్ ప్రకారం కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకే అని, ఎక్కడెక్కడ అని రాయకపోతే మన దేశం వరకే అని అర్థం చేసుకుంటారు. వాట్సాప్‌లో "ఓకే అన్నా, డన్" అనుకుని సైట్లు చేయించుకున్న వ్యాపారాలు ఈ ఊళ్ళో ఎన్నున్నాయో! వాళ్ళ సైటు ఎవరైనా ఎత్తేస్తే, ఫిర్యాదు మీద సంతకం పెట్టాల్సింది ఎప్పుడో ఫోన్ నంబరు మార్చేసిన ఏ కుర్రాడో.

కుర్రాళ్ళంటే గుర్తొచ్చింది. మారతహళ్ళిలో కోర్సులు నేర్పే ఇన్‌స్టిట్యూట్లకి కొదవలేదు. ప్రతి బ్యాచ్‌లోనూ మన రాయలసీమ పిల్లలు ఉంటారు. పీజీలో ఉంటూ, ఇంటి నుంచి వచ్చే డబ్బుతో నెట్టుకొస్తూ, ఉద్యోగం కోసం పోర్ట్‌ఫోలియో, అంటే చేసిన పనులు చూపించే పేజీ, తయారుచేసుకుంటుంటారు. అలాంటి అబ్బాయి ఒకడి పోర్ట్‌ఫోలియోలో నేను చేసిన కేటరింగ్ సైటు కనబడింది, "క్లయింట్ ప్రాజెక్ట్" అని. ఫోన్ చేస్తే గజగజలాడిపోయాడు. "అన్నా, సారీ అన్నా, ఇప్పుడే తీసేస్తా, ఎవరికీ చెప్పకన్నా, నెక్స్ట్ వీక్ ఇంటర్వ్యూ ఉంది." తీసేయొద్దన్నాను. చూసి చేయడంలో తప్పు లేదు, వ్యూ సోర్స్ నొక్కి పక్కవాడి కోడ్ చూసే మా తరం అంతా పని నేర్చుకుంది. "ఫలానా సైటు చూసి ప్రాక్టీస్ కోసం చేశాను" అని ఒక లైను రాయి, ఫోటోలు మార్చు అన్నాను. మార్చాడు. అలాంటి పిల్లాడి మీద లీగల్ నోటీసు పంపడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. అయితే ఇంటర్వ్యూలో "ఈ కస్టమర్‌తో నేనే మాట్లాడాను" అని చెప్పుంటే అది వేరే సంగతి. అది నేర్చుకోవడం కాదు, అబద్ధం.

ఫోన్‌తో పని జరగనివాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళ కోసమే మిగతా ఆయుధాలు.

ఒక పీజీ హాస్టల్ సైటులో అద్దె లెక్కగట్టే ప్రోగ్రాం రాశాను. ఎంతమంది షేరింగ్, భోజనం కావాలా, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు, ఇవన్నీ నొక్కితే చేతికొచ్చేదెంతో చూపిస్తుంది. ఆ ఓనరుకో పద్ధతి ఉంది: నెలలో 15 దాటాక చేరితే సగం అద్దె. అది ఆయన సొంత రూలు, అందులో రాసిపెట్టాను. కోడ్‌లో ఒక్కో లెక్క చేసే ముక్కని ఫంక్షన్ అంటాం, వాటి పేర్లు కూడా తెలుగులోనే పెట్టుకుంటాను, అద్దెలెక్క, కోతలెక్క అని. కొన్నాళ్ళకి ఇదే ఊళ్ళోని ఒక ఏజెన్సీ చేసిన హాస్టల్ సైట్లలో అదే ప్రోగ్రాం కనబడింది. అద్దెలెక్క, కోతలెక్క అలాగే ఉన్నాయి. ఆ హాస్టళ్ళవాళ్ళు నెల మధ్యలో చేరితే పూర్తి అద్దె తీసుకుంటారు, సైటు మాత్రం సగమే చూపిస్తోంది. అక్కడ చేరబోయేవాళ్ళు "సైటులో సగమే అని ఉందిగా" అని గొడవ పడుతున్నారట.

ఏజెన్సీకి ఫోన్ చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అంటుంది. మెయిలుకి జవాబు లేదు. ఇలాంటప్పుడు ఆవేశం వద్దు, సాక్ష్యం కావాలి. నోటీసు వెళ్ళాక అవతలి పేజీ మాయమైతే చూపించడానికి మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే ముందుగా ఆ పేజీల్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషిన్‌లో సేవ్ చేశాను. మనం సేవ్ చేసిన తారీఖుతో ఆ పేజీ మూడో మనిషి దగ్గర ఉండిపోతుంది. మన సైటు పాత కాపీ అందులో ముందే ఉంటే ఇంకా మంచిది, ఎవరు ముందో అదే చెప్తుంది. నా గిట్ చరిత్ర (కోడ్‌లో ఏ మార్పు ఎప్పుడు చేశానో చూపించే రికార్డు), క్లయింటుకి అప్పగించిన మెయిలు, ఇన్‌వాయిస్ ఒకచోట పెట్టుకున్నాను. కోర్టు దాకా వెళ్తే ఉత్త స్క్రీన్‌షాట్ చాలదు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానికి సర్టిఫికెట్ జతచేయాలి.

తర్వాత హోస్టింగ్ కంపెనీకి, అంటే ఆ సైటుని తన సర్వర్లో ఉంచే కంపెనీకి ఫిర్యాదు. అవతలి సైటు అమెరికా కంపెనీ సర్వర్లో ఉంటే 1998 నాటి వాళ్ళ డిజిటల్ కాపీరైట్ చట్టం, డీఎంసీఏ, పనికొస్తుంది. ఏది నాది, అది ఎక్కడుంది, కాపీ ఎక్కడుంది, ఈ హక్కు నాదేనని ప్రమాణపూర్వకంగా చెప్తున్నాను, సంతకం. అంతే, లాయరు అక్కర్లేదు. మన దగ్గర కూడా కాపీరైట్ చట్టం 52(1)(సి), 2013 నియమాల్లోని 75వ నియమం ఉన్నాయి. లింకులిచ్చి దారి చూపించేవాళ్ళకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే 36 గంటల్లో అడ్డుకోవాలి, 21 రోజుల్లోగా మనం కోర్టు ఆర్డరు తేకపోతే మళ్ళీ తెరిచేయొచ్చు. అమెరికా పద్ధతిలోనూ అవతలివాడు "నాదే" అని ఎదురు నోటీసు ఇస్తే, మనం కోర్టుకి వెళ్ళకపోతే, 10 నుంచి 14 పనిదినాల మధ్యలో సైటు మళ్ళీ పైకొస్తుంది. అంటే ఇవన్నీ తాత్కాలికంగా తలుపేసే పద్ధతులే, తీర్పులు కావు.

ఇక్కడే ఒక హెచ్చరిక. నోటీసులో "సైటంతా నాదే" అని రాసేయకండి. అద్దెలెక్క కోడ్ నాది, రాసిన మాటలు నావి, ఫోటోలు ఆ హాస్టల్‌వి, మెనూ డిజైన్ ఎవరిదీ కాదు. ఉన్నదున్నట్టే రాశాను. తెలిసి అబద్ధం చెప్తే డీఎంసీఏ కిందే నష్టపరిహారం కట్టాల్సి రావచ్చు. మన చట్టంలోనూ 60వ సెక్షన్ ఉంది, పసలేని బెదిరింపులు చేస్తే అవతలివాడే మన మీద కోర్టుకి వెళ్ళొచ్చు. "మూడేళ్ళు జైలుకి పంపిస్తా" అని అరిచేవాళ్ళకి ఈ సెక్షన్ తెలియదు. నిజమే, 63వ సెక్షన్‌లో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆ అంకెలు చూపించి బెదిరిస్తే అవతలివాడు భయపడతాడని నమ్మకం లేదు, మనతో మాట్లాడటం మానేస్తాడన్నది మాత్రం ఖాయం.

హోస్టింగ్ కంపెనీ పేజీలు దింపేసింది. అబ్బ, అయిపోయిందిరా అనుకున్నాను. మళ్ళీ చూస్తే అదే సైటు ఇంకో కంపెనీ సర్వర్లో! ఫంక్షన్ల పేర్లు మార్చారు, 15వ తారీఖు రూలు మాత్రం అలాగే ఉంది. అందులో ఏముందో చదివి అర్థం చేసుకునే ఓపిక కూడా లేనట్టుంది. కేసు వేయాలంటే మనం వ్యాపారం చేసుకునే ఊళ్ళోనే వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. లాయరు ఫీజు విన్నాక, ఆ ప్రోగ్రాంకి నేను తీసుకున్న డబ్బు గుర్తొచ్చి ఆగిపోయాను. దీన్ని పిరికితనమన్నా సరే.

చివరికి పని జరిగింది వేరే దారిలో. ఆ హాస్టళ్ళలో ఒకటి మున్నేకొల్లాలలో ఉంది, మా ఇంటికి దగ్గరే. ఓనరు నెల్లూరాయన. వెళ్ళి కూర్చుని, ల్యాప్‌టాప్‌లో రెండు సైట్లూ తెరిచి, ఇరవయ్యో తారీఖు కొట్టి చూపించాను. "ఓరినీ! అందుకా మా పిల్లలు నాతో గొడవ పడేది?" అన్నాడు. ఏజెన్సీకి ఆయన ఇంకా ఆఖరి వాయిదా కట్టలేదు. అక్కడే ఫోన్ చేసి, "ఇది తీసేసి కొత్తది రాసిచ్చేదాకా ఒక్క రూపాయి ఇచ్చేది లేదు" అన్నాడు. నా మెయిళ్ళకి, నోటీసుకి కదలనివాళ్ళు ఆ మాటకి కదిలారు. ఆ సైటులోంచి నా లెక్క పోయింది. మిగతా హాస్టళ్ళ సైట్లలో ఇప్పటికీ ఉంది, ఓనర్లని ఒక్కొక్కరినీ కలుస్తున్నాను.

కొందరు ఇంకో రకం సలహాలిస్తారు. రైట్ క్లిక్ పనిచేయకుండా చేయమని ఒకరు. అది దొంగని ఆపదు, ఫోన్ నంబరు కాపీ చేసుకోవాలనుకున్న మంచి కస్టమర్‌ని ఆపుతుంది. కాపీ కొట్టినవాళ్ళు చాలాసార్లు ఫోటోల్ని మన సర్వర్ నుంచే లాగుతుంటారు కదా, ఆ ఫోటోల బదులు బూతు బొమ్మలు వచ్చేలా చేయమని ఇంకొకరు. వినడానికి సరదాగానే ఉంటుంది. ఆ బొమ్మలు చూసేది కాపీ కొట్టినవాడు కాదు, పచ్చడి కొందామని వచ్చిన ఎవరి అమ్మో. బయటి సైట్లకి ఫోటోలు వెళ్ళకుండా సర్వర్లో అడ్డుకుంటే చాలు, అంతకంటే వద్దు. కాపీ సైటులో మన అనలిటిక్స్ కోడ్ (సైటుకి ఎవరెవరు వచ్చారో లెక్కపెట్టేది) కూడా అలాగే ఉండిపోతే మంచిదే. మన లెక్కల్లో కొత్త డొమైన్ పేరు కనబడుతుంది, కాపీ జరిగిందని మనకే ముందు తెలుస్తుంది.

మున్నేకొల్లాల ఓనరు సంగతి నన్ను ఇంకోవైపు ఆలోచించేలా చేసింది. డబ్బు కట్టేవాడి చేతిలో ఇంత బలం ఉన్నప్పుడు, కాపీ మొదలయ్యేది కూడా అక్కడే కదా? నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మొదటి మాట, "అన్నా, ఈ సైటు చూడు. సేమ్ టు సేమ్ ఇలాగే కావాలి, రంగు మార్చు చాలు." దొంగతనం చేయమంటున్నామని వాళ్ళకి తోచదు, నచ్చింది చెప్తున్నామనుకుంటారు. సరే అన్నవాడు సగం ధరకి, సగం టైములో చేసిస్తాడు. కాదన్నవాడికి బేరం పోతుంది. పచ్చళ్ళ పెద్దాయనకి సైటు చేసిన కుర్రాడు ఏమంత దుర్మార్గుడని నేను అనుకోను. ఆ డబ్బుకి రాయడం, ఫోటోలు తీయడం కుదరదు, ఎత్తుకురావడమే కుదురుతుంది. అయినా చేసింది తప్పే, లైసెన్సు నంబరు దగ్గర అది ప్రమాదం కూడా.

అందుకని ఇప్పుడు ఎవరైనా "ఇలాగే" అని సైటు చూపిస్తే, అందులో ఏం నచ్చిందో చెప్పమంటాను. ఫోటో పెద్దగా ఉండటమా, ధరలు ముందే కనబడటమా, వాట్సాప్ బటన్ పైన ఉండటమా. అవన్నీ చేసిపెట్టొచ్చు, ఎవరి సొమ్మూ కాదు. మాటలు మీవి చెప్పండి, ఫోటోలకి నేనే వస్తాను అంటాను. ఇందులో కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళ సైట్లు తర్వాత చూస్తుంటాను కూడా, కొన్ని చాలా బాగుంటాయి, ఎక్కడివో మాత్రం అడగకూడదు. ఉన్నవాళ్ళకి ఇచ్చే కొటేషన్‌లో ఈ మధ్య రెండు లైన్లు కలిపాను. మొదటిది, పూర్తి డబ్బు ముట్టాక మాటల మీదా ఫోటోల మీదా కోడ్ మీదా హక్కులు ఏవి ఎవరివో, ఎన్నేళ్ళకో, ఏ దేశాల్లోనో. రెండోది, ఈ సైటులో వేరేవాళ్ళ మాట గానీ ఫోటో గానీ ఉన్నట్టు తేలితే మార్చే ఖర్చు నాదే అని. పచ్చళ్ళ అక్క అది చదివి, "ఇదంతా ఎందుకు తమ్ముడూ, నమ్మకం లేదా?" అంది. తర్వాత తనే, "ఆ లైసెన్సు నంబరు సంగతి కూడా రాయి" అంది. రాశాను.